ముందు ఏ సిలిండరో తేల్చండి

పాత పెట్రోలు కార్ల యజమానుల కోసం విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఎండ ఎక్కకముందే మొదలుపెడదాం. ఇక్కడ వరసగా నిలబెట్టిన బళ్లను చూస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. రెండు పద్మినిలు, ఒక అంబాసిడర్, అయిదారు మారుతి 800లు, ఆ చివర ఒక జెన్. ఈ ఉప్పుగాలిలో ఇన్నేళ్లపాటు ఒక కారును తుప్పు పట్టకుండా కాపాడుకోవడం ఎంత కష్టమో సముద్రం పక్కన ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఇవాళ ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను. మనం దాన్ని మిస్సింగ్ అంటాం. బండి మిస్ కొడుతోంది, దగ్గుతోంది, జర్కులు ఇస్తోంది, పికప్ లేదు. మాట ఏదైనా లోపల జరిగేది ఒకటే. ఇంజన్‌లో పెట్రోలు మండే గది సిలిండర్. మండాల్సిన సిలిండర్ మండాల్సిన సమయానికి మండడం లేదు, లేదా సగమే మండుతోంది. దీన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. పాత బండి ఉన్నవాళ్ల డబ్బు అన్నిటికంటే ఎక్కువగా దీని మీదే వృథా అవుతోంది. ప్లగ్గులు మారుస్తారు, తగ్గదు. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్ విప్పి కడుగుతారు, తగ్గదు. కాయిల్ మారుస్తారు, పంపు మారుస్తారు. చివరికి విసుగొచ్చి బండినే అమ్మేస్తారు. జబ్బేమో వంద, రెండొందల రూపాయల సామానులో ఉండి ఉంటుంది. అలా అమ్మేసిన బళ్లను నేను చాలా చూశాను. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలని వచ్చాను: ఏ సిలిండర్ మండడం లేదో తేలేదాకా ఏ సామానూ కొనకండి.

లోపల పని ఎంత జోరుగా జరుగుతుందో ఒకసారి లెక్క వేద్దాం. మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 450 సార్లు, మూడూ కలిపి 1350 సార్లు. హైవే మీద 3000 చుట్ల దగ్గర ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పు వేయాలి. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. ప్లగ్గు మూతి దగ్గర ఆ సన్నని సందును దాటాలంటే వేల వోల్టులు కావాలి. కాయిల్ ఆ పని చేస్తుంది, డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటర్, దాన్ని ప్లగ్గులకు వంతులవారీగా పంచుతుంది. మూడింట్లో ఒక సిలిండర్ ఆగితే పోయేది మూడో వంతు బలమే అనుకోకండి. ఆగిపోయిన సిలిండర్ బరువును కూడా మిగతా రెండూ మోయాలి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్నగారి 800 మీద నేను కారు నేర్చుకున్నాను. ఒక ఆషాఢంలో అమ్మను, నాన్నగారిని సింహాచలం తీసుకెళ్తున్నాను. సన్నగా జల్లు పడుతోంది. మద్దిలపాలెం, హనుమంతవాక, అడివివరం దాకా బండి హాయిగా వచ్చింది. ఘాట్ రోడ్డు ఎక్కి రెండో మలుపు తిరిగేసరికి జర్కులు మొదలయ్యాయి. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోవడానికి బదులు వెనక్కి లాగినట్టు ఉంది. వెనక బస్సు హారన్ కొడుతోంది. అమ్మ కళ్లు మూసుకుని అప్పన్నను తలుచుకుంటోంది. ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఎలాగో పక్కకు తీసి ఆపాను.

మర్నాడు ఎండ కాసింది. బండికి ఏమీ లేదు! మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ప్లగ్గులు మార్చాడు. వారం బాగుంది. మళ్లీ వాన పడిన రోజు కైలాసగిరి ఎక్కుతుంటే అదే జబ్బు. ఇంకో చోట కార్బొరేటర్ విప్పారు. మరో చోట పెట్రోలు పంపు మార్చారు. మూడు నెలలు గడిచాయి. నాన్నగారు ఆ బండి తాళం చేతిలోకి తీసుకోవడమే మానేశారు.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చూశాడు. బండి చూడకముందే ఒక ప్రశ్న వేశాడు. ‘బాబూ, ఎప్పుడు మిస్ అవుతోంది?’ అంతకుముందు చూసిన ముగ్గురిలో ఎవరూ అది అడగలేదు. వాన రోజు, ఎత్తు ఎక్కేటప్పుడు అన్నాను. ‘అయితే చీకటి పడ్డాక రండి’ అన్నాడు. ఏడు గంటలకు వెళ్లాను. షెడ్డులో లైట్లు తీసేశాడు. బోనెట్ తెరిచి, ఇంజన్ స్టార్ట్ చేయించి, గ్లాసులో నీళ్లు తీసుకుని వేళ్లతో ప్లగ్గు వైర్ల మీద సన్నగా చిలకరించాడు. రెండో సిలిండర్ వైరు ఇనుప క్లిప్పుకు ఒరుసుకునే చోట నీలంగా మెరుపు. చీకట్లో మిణుగురు పురుగులా టిక్కుటిక్కుమంటూ ఇంజన్ మీదికి దూకుతోంది. అదే సమయానికి ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. వైర్ల సెట్టు మార్చి, క్లిప్పుకు రబ్బరు తొడిగాడు. ఆ రోజుతో జబ్బు పోయింది. నాన్నగారు మళ్లీ బండి తీశారు.

మరి ఎండ రోజు చదును రోడ్డు మీద ఎందుకు కనిపించలేదు? ఇది అర్థమైతే సగం పని అయినట్టే. ప్లగ్గు సందును దాటడానికి ఎంత వోల్టేజి కావాలన్నది సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా పోతుంటే లోపలికి వచ్చే గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ, తక్కువ వోల్టేజితోనే నిప్పు దూకుతుంది. ఘాట్ రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్ నిండా గాలి వస్తుంది. ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కువ వోల్టేజి కావాలి. విద్యుత్తు తేలికైన దారినే వెతుక్కుంటుంది. ప్లగ్గు దగ్గర దారి కష్టమై, వైరు పగులు దగ్గర తడి వల్ల దారి తేలికైతే అక్కడినుంచే దూకుతుంది. మన ఊళ్లో ఆ తడిలో ఉప్పు కూడా ఉంటుంది. అది కరెంటుకు ఇంకా మంచి దారి.

ఇందులోంచే ఇంకో సంగతి తెలుస్తుంది. ప్లగ్గు విప్పి, ఇంజన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టి ‘చూడండి, స్పార్క్ వస్తోంది కదా’ అని చాలామంది చూపిస్తారు. బయటి గాలిలో స్పార్క్ వచ్చినంత మాత్రాన సిలిండర్ లోపల ఒత్తిడిలో వస్తుందని నమ్మకం లేదు. బయట రాకపోతే జబ్బు ఉన్నట్టే. బయట వస్తే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

సరే, ఇప్పుడు పద్ధతి. మొదటి పని చెవులతో. ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో పెట్టి, సైలెన్సర్ వెనక నిలబడండి. దెబ్బ ఒకే లయలో తప్పుతోందా, ఇష్టం వచ్చినప్పుడు తప్పుతోందా? లయగా తప్పుతుంటే ఒకే సిలిండర్ మీద అనుమానం పెట్టుకోండి. ఇష్టం వచ్చినట్టు తప్పుతుంటే అన్ని సిలిండర్లకూ కలిసి ఉన్న సామాను చూడాలి. కాయిల్, కాయిల్ నుంచి డెల్కోకు వచ్చే వైరు, డెల్కో లోపల తిరిగే రోటర్, కాయిల్ కరెంటును తెంచి కలిపే పాయింట్లు, కార్బొరేటర్, పెట్రోలు. తరువాత ఎప్పుడు తప్పుతోందో రాసుకోండి. ఐడ్లింగ్‌లోనే మిస్ అయి వేగంలో సర్దుకుంటే కార్బొరేటర్‌లో ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రం, స్లో జెట్, మూసుకుపోయిందేమో, కార్బొరేటర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే మానిఫోల్డ్ గొట్టం దగ్గర ఎక్కడైనా గాలి పీల్చుకుంటోందేమో చూడాలి. వేగంలోనూ ఎత్తులోనూ మిస్ అయితే స్పార్క్ బలహీనంగా ఉంది, లేదా పెట్రోలు చాలినంత అందడం లేదు. అరగంట తిరిగి వేడెక్కాకే మిస్ అవుతూ, చల్లారితే బాగుపడితే కాయిల్‌ను అనుమానించండి. లోపలి చుట్టు వేడికి తెగినట్టయి, చల్లారాక మళ్లీ కలుస్తుంది.

రెండో పని, సిలిండర్ తేల్చడం. ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో ప్లగ్గు వైరు ఊడదీసి మళ్లీ పెట్టడం. వైరు తీయగానే ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా ఏ తేడా రాకపోతే అదే మన దొంగ. ఇది మన మెకానిక్కులు ఎప్పటినుంచో చేసే పనే, కానీ మూడు జాగ్రత్తలు చెప్పకుండా వదలలేను. ఒట్టి చేత్తో ముట్టుకోకండి, పిడికి మంచి ఇన్సులేషన్ ఉన్న ప్లయరు వాడండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజన్ దగ్గరికే రావద్దు. ఊడదీసిన వైరును గాలిలో వదిలేయకండి, ఒక పాత ప్లగ్గు తగిలించి దాన్ని ఇంజన్ ఇనుముకు ఆనించండి. వేలాడదీస్తే ఆ వోల్టేజికి పోయే దారి లేక కాయిల్‌నో, ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌నో కాల్చేస్తుంది.

జెన్ తెచ్చిన తమ్ముడూ, మీది ఎంపీఎఫ్ఐ, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే రకం అయితే వైర్లు లాగే పని పెట్టుకోకండి. మండని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి దాన్ని కాల్చేస్తుంది. ఇంజెక్టర్ ప్లగ్ ఊడదీసి చూడండి, అప్పుడు పెట్రోలు కూడా ఆగుతుంది. ఇంకా కొత్త బళ్లలో స్కానర్ పెడితే P0301, P0302 అని కోడ్ వస్తుంది, చివరి అంకె సిలిండర్ నంబరు. ఆ కోడ్ చెప్పేది ఎక్కడ అన్నదే. ఎందుకు అన్నది అక్కడినుంచి మనం వెతకాలి.

సిలిండర్ తేలాక మార్పిడి చేసి చూడండి. రెండో సిలిండర్ చచ్చిందనుకోండి. దాని ప్లగ్గును మొదటిదానికి, మొదటిదాని ప్లగ్గును దీనికి పెట్టండి. జబ్బు ప్లగ్గుతోపాటు వెళ్తే ప్లగ్గే కారణం. వెళ్లకపోతే వైర్లు మార్చి చూడండి, పొడవు సరిపోతేనే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బండి బాగుపడినా ఏది చెడిందో మీకు ఎప్పటికీ తెలియదు. మళ్లీ అదే జబ్బు వస్తే మళ్లీ మొదటికి.

ప్లగ్గు తీసినప్పుడు దాని మొహం చూడండి. నాకు ఇది చాలా ఇష్టమైన పని. ఒక ప్లగ్గును చూస్తే ఆ సిలిండర్ ఎలా బతికిందో తెలిసిపోతుంది. లేత బిస్కెట్ రంగు, బూడిద కలిసిన గోధుమ రంగు ఉంటే మంచిది. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. వన్ టౌన్‌లో, పోర్టు పక్కన ఉండేవాళ్ల ఫిల్టర్లు నల్లధూళితో ఎంత త్వరగా నిండిపోతాయో మీకు చెప్పక్కర్లేదు. పెట్రోలు తడి ఉంటే అక్కడ నిప్పు పడడం లేదు. నూనె జిడ్డు ఉంటే రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ అరిగాయి. తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంటే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. మిగతావి గోధుమ రంగులో ఉండి ఒక్కటి మాత్రం తోమినట్టు శుభ్రంగా ఉంటే సంతోషించకండి. ఆ సిలిండర్‌లోకి రేడియేటర్ నీళ్లు దిగుతున్నాయేమో చూసుకోవాలి. బండి కాసేపు బరువు మీద నడిపాక చూసిన రంగే నమ్మదగ్గది. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి చూస్తే మంచి ప్లగ్గు కూడా నల్లగానే కనిపిస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. మారుతి బళ్లలో హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, అల్యూమినియం, మెత్తటి లోహం. ముందు మర చేత్తో ఎక్కాలి, ఆ తరువాతే పానా. వంకరగా ఎక్కించి పానాతో తిప్పితే మర పోతుంది, అప్పుడు అసలు ఖర్చు మొదలవుతుంది. గ్యాప్ మీ బండి పుస్తకంలో ఎంత ఉంటే అంత, ఫీలర్ గేజ్‌తో. పాయింట్లున్న అంబాసిడర్, పద్మిని లాంటి బళ్లకు పాయింట్ గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు. పాయింట్లు మాటిమాటికీ నల్లగా కాలిపోతుంటే వాటిని ఆకురాయితో రుద్దుకుంటూ కూర్చోకండి, వాటికి జతగా ఉండే కండెన్సర్ మార్చండి.

ఇక మన ఊరి సంగతి. లాసన్స్ బే, చినవాల్తేరు, రుషికొండ, భీమిలి, సముద్రం కనిపించే ఏ చోటైనా బండి పెట్టేవాళ్లు డెల్కో క్యాప్ ఏడాదికి రెండుసార్లు విప్పి చూడండి. లోపలి ఇత్తడి బుడిపెల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. రెండు బుడిపెల మధ్య పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తే అది మురికి కాదు, కరెంటు వేసుకున్న దారి. ఎంత తుడిచినా పోదు, క్యాప్ మార్చాల్సిందే. మధ్యలో ఉండే చిన్న కార్బన్ ముక్క స్ప్రింగు మీద ఆడుతోందో లేదో వేలితో నొక్కి చూడండి.

ఎవ్వరూ చూడనిది ఎర్త్. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు వెళ్లే అల్లిక పట్టీ. ఉప్పుగాలికి అది లోపల్లోపలే పొడి అయిపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ బుడిపె మీద, రెండో కొస ఇంజన్ ఇనుము మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. విప్పి, ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది, బిగించి, పైన వ్యాసలీన్ రాయండి. పావుగంట పని. కాయిల్ మార్చినా తగ్గని మిస్సింగ్ దీనితో తగ్గిన బళ్లున్నాయి.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, గుర్తుంది కదా. చెట్లు పడి, నీళ్లు నిలిచి, వారాలపాటు కదలని బళ్లు ఎన్నో. అలాంటి బళ్లను మళ్లీ తీసినప్పుడు మిస్సింగ్ అంటే ముందు ట్యాంకు చూడాలి. నీళ్లు పెట్రోలు కంటే బరువు, అడుగున చేరతాయి. కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నె అడుగున కూడా అంతే. కొంచెం పెట్రోలు గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. మధ్యలో గీత కనిపిస్తే నీళ్లున్నట్టే. ఇప్పుడు మనకు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. నెలకోసారి మాత్రమే తీసే బండిలో, అదీ సగం ఖాళీ ట్యాంకుతో, ఈ గాలిలో పెట్రోలు నిలవ ఉంచకండి. ఇథనాల్‌కు అవసరమయ్యే గాలి కూడా పెట్రోలు కంటే తక్కువ. పెట్రోలు కోసం సరిచేసిన పాత కార్బొరేటర్ ఈ మిశ్రమంతో గాలి ఎక్కువైనట్టు నడుస్తుంది, అందుకని ఐడ్లింగ్‌లో తడబడవచ్చు. మిక్స్చర్ స్క్రూ తిప్పి సరిచూసుకోవాలి. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడినా పగిలినా ఆలస్యం చేయకుండా ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి. అది మిస్సింగ్‌కు కాదు, మంటలు రాకుండా.

నిప్పు ఉంది, పెట్రోలు ఉంది, అయినా ఆ సిలిండర్ మండడం లేదంటే కంప్రెషన్, అంటే లోపలి గాలిని పిస్టన్ నొక్కే ఒత్తిడి, చూడాలి. అన్ని ప్లగ్గులూ తీసి, కాయిల్ కనెక్షన్ ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటితే ఆలోచించాలి. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. ఇక్కడినుంచి పని మంచి మెకానిక్‌దే. కానీ మీరు గేజ్ అంకెలు రాసుకుని వెళ్లండి.

ఆ, అడగండమ్మా. పొద్దున్నే మిస్ అయి పది నిమిషాలకు సర్దుకుంటుందా? రాత్రంతా మంచులో బయట ఉంటుందా, సెల్లార్‌లోనా? బయటే. అయితే ముందు వైర్లు, క్యాప్ పొడిగుడ్డతో తుడిచి స్టార్ట్ చేసి చూడండి. తేడా ఉంటే దారి దొరికినట్టే. లేకపోతే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి నీళ్ల మట్టం చూడండి. బయట ఎక్కడా కారకుండా నీళ్లు తగ్గుతూ, స్టార్ట్ చేయగానే తెల్లపొగ ఎక్కువసేపు వస్తుంటే రాత్రి ఒక సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. అప్పుడు బండి నడపకండి, నేరుగా హెడ్ విప్పించండి.

ఒక సిలిండర్ చచ్చిన బండిని ‘ఎలాగూ నడుస్తోంది కదా’ అని నెలల తరబడి తిప్పకండి. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది, ఇంజన్ ఆయిల్ పల్చబడుతుంది. ప్లగ్గు వైరుతో పోయే జబ్బు రింగుల దాకా వెళ్తుంది.

ఈ మొదటి 800 యజమాని నిన్న ఫోన్ చేసి మిస్సింగ్ ఉందన్నారు. ఏ సిలిండరో నేను ఇంకా చూడలేదు, మీతో కలిసి చూద్దామని ఉంచాను. చున్నీలు, కండువాలు బిగించి కట్టుకోండి, ఉంగరాలు, గాజులు తీసి జేబులో పెట్టుకోండి, ఫ్యాను దగ్గర చేతులు పెట్టొద్దు. బాబూ, నువ్వు ఇంజన్ స్టార్ట్ చెయ్యి. మిగతావాళ్లంతా ముందు సైలెన్సర్ దగ్గరికి రండి, ఒక్క నిమిషం మాట్లాడకుండా విందాం.